నడవడి రిజిస్టరులో నేను పెట్టని గీతలు

మార్కాపురం దగ్గరి ఒక మిషన్ బడిలో నేను టీచరుగా చేరిన రెండో ఏడు, పిల్లల ప్రవర్తనను కొలవాలని పైనుంచి తాఖీదు వచ్చింది. తరగతికొక నడవడి రిజిస్టరు. ఆలస్యం, అల్లరి, కొట్లాట, అబద్ధం, ఏ తప్పు జరిగినా ఆ గడిలో ఒక గీత, పక్కన తేదీ. నెలలో పది గీతలు దాటినవాళ్ళు ప్రార్థన అయ్యేదాకా అందరి ముందూ విడిగా నిలబడాలి.

మొదటి నెల మా మూడో తరగతిలో నిలబడింది ఒక్క పిల్లే. పలకల గనిలో కూలి చేసే ఆయన కూతురు. మర్నాటి నుంచి బడికి రాలేదు. నేను రిజిస్టరు తీసి చూశాను. ఆలస్యానికి రెండు గీతలు, అవి నావే. అబద్ధానికి తొమ్మిది. అందులో ఒక్కటీ పెట్టిన గుర్తు లేదు. హాజరు పట్టీ తెచ్చి పక్కన పెట్టుకున్నాను. జ్వరంతో ఆ పిల్ల బడికే రాని రోజున కూడా అబద్ధం ఆడినట్టు గీత ఉంది.

నా అనుమానం తెలుగు అయ్యవారి మీదికి పోయింది. నాకంటే ముందు ఆ తరగతి ఆయనదే. రిజిస్టర్ల బీరువా తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. ఇక ఆయన నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. పోయిన నెల నేను పెట్టినట్టు గుర్తున్న గీతలనూ, ఇక మీదట పెట్టే ప్రతి గీతనూ ఇంట్లో ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోసాగాను. వారం తిరక్కుండానే ఉండబట్టలేక అడిగేశాను.

"నా రిజిస్టరు మీరేమైనా ముట్టుకుంటున్నారా?"

ఆయన ముఖం మాడిపోయింది. "నాకేం పనమ్మా దాంతో? తాళంచెవి నా ఒక్కని దగ్గరే ఉందనుకుంటివా?"

మర్నాడు గంట కొట్టకముందే బడికి వెళ్ళాను. హెడ్మాస్టరు గారు నా రిజిస్టరు ముందేసుకుని, పోయిన నెల పేజీలో గీతలు పెడుతున్నారు. నన్ను చూసి కూడా కలం ఆపలేదు.

"ఏందమ్మా అట్ల చూస్తావు? పోయిన నెల తప్పులు నిండుగా ఉంటేనే గదా, ఈ నెల తగ్గినాయని ఇన్‌స్పెక్టరుకు చూపేది!"

"చేయని తప్పుకు ఆ పిల్ల నిలబడింది కదండీ."

"ఎవరో ఒకరు నిలబడాల గదా. దాని నాయన వచ్చి అడిగేవాడు కాదు."

ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. పిల్ల తప్పేమీ లేదని, రాసిందే తప్పని చెప్పాను. వాళ్ళ నాయన గుమ్మంలోనే నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు.

"బుక్కు మీదే గదా టీచరమ్మా? అప్పుడు అట్ల రాసి, ఇప్పుడు ఇట్ల చెప్తే ఏది నమ్మాల?"

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు నా నోటుపుస్తకం, హాజరు పట్టీ రెండూ ఆయన ముందు పెట్టాను. నోటుపుస్తకం తిరగేసి, "ఇది నిన్న కూర్చుని రాసింది కాదని నేనెట్లా నమ్మేది?" అన్నారు. హాజరు పట్టీని మాత్రం కాదనలేకపోయారు. జ్వరం వచ్చిన రోజు గీత ఒక్కటి కొట్టేసి, సంతకం చేసి, తర్వాతి తరగతికి వెళ్ళిపోయారు. నేను తెలుగు అయ్యవారిని క్షమించమని అడిగాను. "సరేలేమ్మా" అన్నారు గానీ, ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు.

పది రోజులకు పిల్ల తిరిగి వచ్చింది. పేరు పిలిస్తే "హాజరు" అని గట్టిగా చెప్పి, నేను పట్టీలో రాయడం పూర్తయ్యేదాకా నా చేతినే చూస్తూ నిలబడేది. కూర్చోమని నేనెప్పుడూ అనలేదు.