ఎంగిలి నీళ్ల బాటిల్

ఆ ఆదివారం మధ్యాహ్నం నా బైకు కార్బురేటర్‌లోంచి తీసిన పెట్రోలును తాగునీళ్ల బాటిల్‌లో పట్టాను. దాన్ని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూర్చునే కుర్చీ పక్కన గట్టు మీద పెట్టి, అన్నం తినడానికి పైకి వెళ్లిపోయాను. ఆయన అది తాగాడు.

ఆ బైకు నా మొదటి ఉద్యోగం నాటిది. నల్లగండ్లలో మా సెల్లార్ నిండా కార్లు, వాటి మధ్య ఇది. హైటెక్ సిటీలో మా ఆఫీసు కుర్రవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటే మురిసిపోయేవాణ్ని. ఆ మురిపెం ఉన్నవాణ్ని కనీసం దాన్ని శుభ్రంగా అయినా ఉంచుకోవాలి కదా. మూడు వారాలుగా దాని కిందికి పెట్రోలు కారుతోంది. నేల మీద ఇంజను మడ్డి, దుమ్ము, పెట్రోలు కలిసి జిడ్డుగా నల్లగా అట్ట కట్టాయి. అడుగు వేస్తే చెప్పు అంటుకునేది. లిఫ్టు తలుపు తెరిస్తే చాలు, ఆ వాసన గుప్పున లోపలికి వచ్చేది. నేను ముక్కు మూసుకుని నాలుగో అంతస్తుకు పోయేవాణ్ని.

వాచ్‌మన్, ఆయన భార్య మాత్రం ఎక్కడికీ పోయేవాళ్లు కాదు. సెల్లార్‌లోనే, నా బైకుకు పది అడుగుల దూరంలో వాళ్ల గది. ఆ గదిలో గ్యాస్ పొయ్యి వెలుగుతుందని నాకు తెలుసు.

ఆయన రెండుసార్లు చెప్పాడు. "సార్, ఆ బండి జర సూపియ్యరాదు? తలకాయ నొస్తుంది."

"పాత బండి అంతేనయ్యా. కొంచెం వాసన ఉంటుంది," అన్నాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు. నేను నువ్వు అనేవాణ్ని, ఆయన మీరు అనేవాడు. ఎనిమిదేళ్లుగా అలాగే నడిచింది.

చివరికి ఆ ఆదివారం పని మొదలుపెట్టాను. కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గరున్న నా పాత మెకానిక్ ఫోన్‌లోనే పద్ధతి చెప్పాడు. ట్యాంకు కింద పెట్రోలు కాక్ మూసెయ్. కార్బురేటర్‌ను పొడిగుడ్డతో తుడిచి, మొహానికి రాసుకునే పౌడర్ చల్లు. మళ్లీ కాక్ తెరిచి చూస్తూ కూర్చో. పైపు తగిలించిన చోట పౌడర్ తడిస్తే పైపు పోయినట్టు. కార్బురేటర్ అడుగున గిన్నెలా ఉండే కప్పు అతుకు వెంట తడిస్తే మధ్యలోని ప్యాకింగ్ రింగు పోయినట్టు. రెండూ పొడిగా ఉండి, అడుగున వేలాడే సన్నటి గొట్టంలోంచి చుక్కలు పడుతుంటే లోపలి సూది సరిగా మూసుకోవడం లేదని అర్థం. కప్పులో పెట్రోలు నిండగానే తేలే ఫ్లోట్ ఒక చిన్న సూదిని పైకి నెట్టి దారి మూయాలి. సూది మొనకున్న రబ్బరు అరిగినా, కింద చిన్న నలక అడ్డుపడినా దారి మూసుకోదు, పెట్రోలు పొంగి కారిపోతూనే ఉంటుంది.

నా బైకుకు పౌడర్ ఎక్కడా తడవలేదు. సన్నగొట్టం కారుతూనే ఉంది.

కప్పులో నలకలున్నాయో లేదో చూడటానికి అడుగు స్క్రూ వదులు చేసి, పెట్రోలును అవతలికి కనపడే పాత్రలో పట్టాలి. నా బ్యాగులో ఆఫీసు నుంచి తెచ్చిన ఖాళీ బాటిల్ ఉంది. అందులో పట్టి, ర్యాంపు వైపు నుంచి వెలుగు పడే ఆ గట్టు మీద నిలిపాను. కాసేపటికి అడుగున నాలుగైదు తుప్పు నలకలు, ఒక నీటిబొట్టు చేరాయి. దోషం దొరికిందని సంతోషపడ్డాను. ఆ సంతోషంలోనే, చేతుల కంపు భరించలేక, పైకి వెళ్లి సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. ఫ్యాను కింద కూర్చుని పెరుగన్నం తిన్నాను.

ఆయన అది ఎందుకు తాగాడో చెప్పాలంటే ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మా ఆఫీసు మీటింగ్ గదుల్లో ప్రతి కుర్చీ ముందూ ఒక నీళ్ల బాటిల్ పెడతారు. జనం రెండు గుక్కలు తాగి వదిలేస్తారు. నేను వాటిని ఏరి బ్యాగులో వేసుకుని, సాయంత్రం ఆ గట్టు మీద పెట్టేవాణ్ని. "నీళ్లు పెట్టానయ్యా," అనేవాణ్ని. పారబోసే నీళ్లు ఒకరి గొంతు తడుపుతున్నాయని నాలో నేనే పొంగిపోయేవాణ్ని. చిన్నప్పుడు మా ఇంట్లో చెంబు పెదవికి తగిలితే అమ్మ మళ్లీ తోమించేది. ఒకరు కొరికింది ఇంకొకరు ముట్టకూడదు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, ఆ బాటిళ్లు ఎవరివో తెలియని ఎంగిలి అని ఒక్కసారి కూడా తోచలేదు. తోచలేదనడం అబద్ధం. తోచింది, తోసేశాను.

ఆ గట్టు మీద నేను పెట్టిన బాటిల్ అంటే ఆయనకు నీళ్లే. మిద్దె మీద ట్యాంకు కడిగి, ఎండలోంచి సెల్లార్ చీకట్లోకి దిగాడు. మూడు వారాలుగా నా పుణ్యమా అని పెట్రోలు వాసనలోనే బతుకుతున్న ముక్కు. అది ఇంకేం హెచ్చరిస్తుంది? ఎత్తి పోసుకున్నాడు.

ఆయన భార్య కేక విని కిందికి పరిగెత్తాను. ఒక గుక్క మింగి, రెండోది ఉమ్మేశాడు. చొక్కా ముందంతా తడి. కళ్ల నీళ్లు కారుతూ దగ్గుతున్నాడు. ఆమె గిన్నెలో ఉప్పునీళ్లు కలుపుతోంది, వాంతి చేయించడానికి. నాకు ఏం చేయాలో తెలియలేదు. పెట్రోలు గురించి తెలిసినవాడు నాకు మెకానిక్ ఒక్కడే. ఫోన్ చేశాను.

"కక్కియ్యకుండ్రి సార్," అన్నాడు వెంటనే. "పైపుతోని పీల్చేటప్పుడు నేను రెండుసార్లు మింగిన. కడుపుల పోతే అంత డేంజర్ గాదు, కక్కేటప్పుడు ఊపిరిల పడితే డేంజర్. ఏం తాపియ్యకుండ్రి. సీదా దవాఖానకు తీస్కపోండ్రి."

నేను ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. పక్కింటివాళ్ల కారు అడిగి తీసుకుని శేరిలింగంపల్లి వైపు పోనిచ్చాను. కారంతా అదే వాసన. వెనక సీట్లో ఆయన దగ్గు ఆగలేదు.

క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మ ఛాతీ విని, ఎక్స్‌రే రాసి, ఆరు గంటలు ఇక్కడే ఉంచాలంది. ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ఆలోగా తెలుస్తుందట. కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "వాటర్ బాటిల్‌లో పెట్రోల్ పోసిందెవరండీ?"

"నేనే సూస్కోలేదు మేడం," అన్నాడు ఆయన మంచం మీద నుంచి.

నాకు ప్రాణం తేలికపడింది. ఒక్క క్షణమే కావచ్చు. ఈ కథ మొత్తంలో నా మీద నాకు అన్నిటికంటే రోత పుట్టించేది ఆ క్షణమే. పెట్రోలు మింగినవాడు నా తప్పు కూడా మింగుతుంటే, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"పోసింది నేనండీ," అన్నాను తర్వాత. "అక్కడ పెట్టిందీ నేనే." ఆమె తలెత్తి నన్ను ఒకసారి చూసి, రాసుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం, నేను, ఆయన భార్య. ఆమె అంది. "సార్, ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు తెచ్చేటి బాటిళ్లు ఎవలో తాగినయే గదా?"

అవునన్నట్టు తలూపాను.

"నాకు ఎరుకే. ఒక్కోదానికి పెదాల రంగు గూడ ఉంటుండె. సార్ యాదిపెట్టుకొని తెస్తడు, పారేస్తే బాగుండదు అంటుండె మా ఆయన. మూతి గుడ్డతోని తుడిచి, పైకెత్తి తాగేటోడు. నేనైతే ఎన్నడు ముట్టలే. ఎవలెంగిలో, ఏమో."

"అక్కడ పారేసేవే కదా అని..." అన్నాను. నోట్లోంచి వచ్చాక విన్నాను ఆ మాట.

"ఔ. పారేసేటియే," అంది ఆమె.

సాయంత్రానికి దగ్గు తగ్గింది. రాత్రి తీసిన రెండో ఎక్స్‌రే కూడా శుభ్రంగానే ఉందని, జ్వరం వచ్చినా ఆయాసం వచ్చినా వెంటనే రమ్మని చెప్పి పంపారు. కారెక్కుతూ ఆయనే నవ్వాడు. "పెట్రోల్ ఇంత పిరమైన దినాలల్ల ఉత్తగ తాగిన సార్. రేపటికెల్లి బండి లెక్క ఉరుకుత." ఆమె నవ్వలేదు.

"తప్పయిపోయింది. మీరు నన్ను క్షమించాలి," అన్నాను. మీరు అన్నందుకో ఏమో, ఆయన ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూశాడు.

"క్షమించుడు ఏంది సార్," అంది ఆమె. "ఆ బండి ఆడికెల్లి తీయుండ్రి ముందు."

ఇల్లు చేరగానే బండిని గేటు బయటికి తోశాను. మర్నాడు సెలవు పెట్టి, రంపపు పొట్టు, సబ్బుపొడి తెచ్చి, ఆ నల్లటి అట్టను గీకి గీకి కడిగాను. ఆమె మూడు వారాలు అన్నం వండుకున్నది ఆ కంపులోనే. తర్వాత బండిని కొత్తగూడకు తోసుకుంటూ వెళ్లాను. మెకానిక్ పాత సూది చూపించాడు. రబ్బరు మొన మెత్తబడి, చుట్టూ గాడి పడింది. సూది మార్చి, ట్యాంకు కడిగి, తుప్పు ఆపడానికి పైపు మధ్య ఫిల్టర్ పెట్టాడు. పౌడర్ చల్లి గంటసేపు అక్కడే కూర్చున్నాం. ఒక్క చుక్క పడలేదు.

ఈలోగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, వాచ్‌మన్ మత్తులో పెట్రోలు తాగాడట అని ఎవరో పెట్టారు, నవ్వే బొమ్మలతో. జరిగింది జరిగినట్టు రాశాను, బాటిళ్ల సంగతితో సహా.

మూడో రోజు, జ్వరం లేదని తెలిశాక, ఎనిమిదేళ్లలో అడగనిది అడిగాను. మీరు ఏం నీళ్లు తాగుతారు?

"బోరుయే సార్. ఉప్పగుంటయి, అలవాటైంది," అన్నాడాయన.

మా అందరి వంటిళ్లలో నీళ్లు శుద్ధి చేసే యంత్రాలు ఉన్నాయి. మున్సిపాలిటీ నుంచి రోజు విడిచి రోజు వచ్చే మంజీర మంచినీళ్లు వాళ్ల గది గోడ వెనక నుంచే సంపులోకి పోతాయి. అసోసియేషన్‌ను ఒప్పించి, శనివారం ప్లంబర్‌ను తీసుకొచ్చి, ఆ పైపు నుంచి వాళ్ల గదికి ఒక కుళాయి వేయించాను. ఆయన భార్య వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కుళాయిని చూసింది.

"ఇంత కిందికి పెడితె బిందె పట్టదు సార్."

ప్లంబర్ విసుక్కుంటూ మళ్లీ విప్పాడు. జానెడు పైకి జరిపి బిగించేదాకా నేను పైపు పట్టుకుని నిలబడ్డాను.