తువ్వాలు కింద కమీషను

మేము అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. ముందు మమ్మల్నే అడిగాడు; కొనలేకపోతే ఖాళీ చెయ్యాలి. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి, ఇంటి వాటా ఎంతో ఉల్లి వాటా ఎంతో తేలలేదు.

నాన్న పశువుల సంతలో దళారీ. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ఎద్దుల ధర తేలుస్తాడు. ఆ ధర పక్కవాడికి తెలియదు. బ్యాంకుకీ తెలియదు, అదే చిక్కు. ఆదాయానికి రుజువేదని అడిగి రెండు బ్యాంకులు పంపించేశాయి.

అప్పుడొచ్చాడు ఇంటి అప్పులు ఇప్పించే ఏజెంటు. నా వయసువాడే.

"ఊరికే అన్ని బ్యాంకులూ తిరగొద్దు సార్, క్రెడిట్ స్కోరు పడిపోతాది. జీతం చీటీ లేనోళ్లకి ఇచ్చే బ్యాంకు ఒకటుండాది. వాళ్లే వచ్చి మీ పని చూస్తారు. నాకేం ఇయ్యొద్దు."

ఆ ఆఖరి మాటతో నాన్న ముఖం మారిపోయింది. అతను గడప దాటగానే, "ఏమీ వద్దంటాడే, యాడ తింటాడు వీడు?" అన్నాడు.

"నువ్వు యాడ తింటావు?" అంది అమ్మ.

"నేను రెండు పక్కలా తింటా. అందుకే అడుగుతాండా."

తర్వాతి సంతకు బ్యాంకు ఆఫీసరును వెంటబెట్టుకొచ్చాడు ఏజెంటు. నాన్న అప్పుడే సరిహద్దు అవతలి రూపనగుడి రైతు ఎద్దుల బేరం ముగించాడు. "ఎష్టు?" అని రైతును కన్నడంలో ధర అడిగాడు ఆఫీసరు.

"చెప్పకూడదు సార్," అన్నాడు నాన్న.

ఇల్లు పోయిందనుకున్నాను. ఏజెంటు అడ్డుపడ్డాడు: "ధర వద్దు సార్. ఈయన ఎన్నేండ్లుగా తెలుసో రైతుల్నడగండి."

"మా నాయన కాలం నుంచీ ఈయప్పే," అన్నాడు రూపనగుడి రైతు. ఇంకో నలుగురూ అదే మాట. ఆఫీసరు రాసుకున్నాడు.

అప్పు మంజూరైంది. బ్యాంకులో సంతకం చెయ్యాల్సిన చోట నాన్న పెన్ను ఆపి, పక్కనున్న ఏజెంటు వైపు తిరిగాడు.

"ఏమప్పా, బ్యాంకోళ్లు నీకెంతిస్తారు?"

ఏజెంటు చుట్టూ చూశాడు. జనం ఉన్నారు. నాన్న తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. ఏ వేలు నొక్కితే ఎంతో గొణుగుతూ నేర్పాడు. కాసేపు తువ్వాలు కింద వేళ్లు కదిలాయి. తర్వాత నాన్న సంతకం పెట్టేశాడు.

దారిలో అడిగాను, ఎంతని.

"చెప్పకూడదు," అన్నాడు. నాలుగడుగులు వేశాక, "ఒక వేలు దాచినాడేమో," అన్నాడు.