బాపు కొన్న కంపెనీ కంప్యూటర్

మా బాపు జీవితంలో ఒక్క రేడియో కొనలేదు. నల్గొండలో గడియార స్తంభం దగ్గర ఆయనకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. మా ఇంట్లో మోగిన రేడియో, టేప్‌రికార్డర్, పెళ్ళిళ్లకు కిరాయికి పోయే ఆంప్లిఫైయర్ అన్నీ ఆయన చేత్తో బిగించినవే. ఎవరైనా కొత్త కంపెనీ సెట్టు చంకన పెట్టుకుని వస్తే, బాపు దాన్ని వెనక్కి తిప్పి నాలుగు స్క్రూలు విప్పేవాడు.

"లోపల జూడు, గివే పార్టులు. పైన పేరుకే పైసలు తీసుకున్నరు" అనేవాడు. రేడియో పాడైందని దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చిన రైతుకు కూడా ఈ పాఠం తప్పేది కాదు. ఆ పాఠం వింటూ పెరిగినదాన్ని నేను. పదేళ్లకే సోల్డరింగ్ నేర్చుకున్నాను.

తొంభైల చివర, డిగ్రీ అయ్యాక కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. క్లాసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడపిల్లను. ఆరు నెలలు తిరిగేసరికి కంప్యూటర్‌ను పూర్తిగా విప్పి మళ్ళీ బిగించడం వచ్చేసింది. సారు భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఆడి ఆడి, కార్ల రేసు ఆట రుచి మరిగాను. సిగ్గెందుకు, ఇంట్లో నాకు కంప్యూటర్ కావాల్సింది ఆ ఆట కోసమే. ఇంటర్ చదివే మా తమ్ముడికీ అందుకే. బాపుకు మాత్రం ఇద్దరం ఒకే గొంతుతో చదువుకు అని చెప్పాం.

ఉన్న డబ్బు తక్కువ. అంత డబ్బుకు వచ్చే కంపెనీ కంప్యూటర్‌లో ఆటలకు కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు ఉండదు. అది లేకపోతే రేసు కారు కాస్తా ఎడ్లబండి అయిపోతుంది. అదే విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకుంటే కార్డు కూడా వస్తుంది. రెండు రోజులు సికింద్రాబాద్ దుకాణాలన్నీ తిరిగి, బోర్డు దగ్గర్నుంచి కేబుల్ దాకా జాబితా రాసి, నేనే బిగిస్తానని బాపు ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు చెప్పేదేముంది, ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

వారం తర్వాత మా ఇంటి ముందు ఆటో ఆగింది. కంపెనీ పేరున్న అట్టపెట్టెలు దిగాయి. వెనకే టై కట్టుకున్న ఒక కుర్రవాడు దిగాడు.

"నేను జేస్తనంటి గద బాపూ?" అన్నాను.

"ఏదన్న కాలిపోతే ఎవర్ని అడుగుతం బిడ్డా? కంపెనీదైతే గ్యారంటీ ఉంటది."

"కాలదు. నాకు వస్తది."

"నేర్చుకున్నదానికి, చేసేదానికి ఫరక్ ఉంటది" అన్నాడు, ఆ కుర్రవాడు వింటుండగానే. "జర గా పిలగానికి చాయ్ పెట్టు."

పెట్టాను. కడుపు మండిపోతుంటే చక్కెర వేసి మరీ పెట్టాను. వాడు తాగుతూ కంప్యూటర్ డబ్బా వెనక అతికించిన కాగితం బాపుకు చూపించాడు. ఆ సీలు చిరిగితే గ్యారంటీ పోయినట్టేనట.

అనుకున్నట్టే రేసు ఆట నత్తనడక నడిచింది. కార్డు కొని నన్నే పెట్టమన్నాడు తమ్ముడు. బాపు వెంటనే "సీలు ముట్టొద్దు" అన్నాడు. ఊళ్ళో వాళ్ళందరి డబ్బాలు విప్పిన మనిషి ఒక కాగితం ముక్కకు కాపలా కూర్చున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఎవరో అంటే నవ్వుకునేదాన్ని. నీళ్ళు పోసి పెంచినవాడే అన్నాడు కాబట్టి నవ్వు రాలేదు.

ఆ ఏడాదిలో నేను ఇతరులకు ఐదు కంప్యూటర్లు బిగించి ఇచ్చాను. మొదటిది భువనగిరిలో జిరాక్స్ దుకాణం పెట్టిన ఒక ముస్లిం పెద్దమనిషికి. పార్టులు కూడా నన్నే తెమ్మన్నాడు. తెచ్చినవి ఒకసారి చూసుకుంటారా అని అడిగితే, "నువ్వు జేసినంక నాకేం ఫికర్ బేటా" అన్నాడు. బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను. ఆ మాట రావాల్సింది ఆయన నోటి నుంచి కాదు, బాపు నోటి నుంచి.

గ్యారంటీ ఏడాదికి తీరిపోయింది. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి బాపు సీలు చింపి, డబ్బా విప్పి, ముందు కూర్చుని ఉన్నాడు.

"నువ్వు రాసిన పార్టులే గద గివి?" అన్నాడు.

"కార్డు ఒక్కటి తప్ప అన్నీ అవే."

 బాపు పక్కనున్న సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీశాడు. గ్రాఫిక్స్ కార్డు. నాకు చెప్పకుండా సికింద్రాబాద్ పోయి తెచ్చాడు.

"పెట్టు బిడ్డా" అన్నాడు.

తప్పైందని మా బాపు అంతకంటే ఎక్కువ చెప్పలేడు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను.

"కంపెనోళ్లను పిలువు బాపూ."

ఆయన తల ఎత్తలేదు. కార్డు మళ్ళీ సంచిలో పెట్టి, డబ్బా మూసి, స్క్రూలు ఒక్కొక్కటే బిగించుకున్నాడు. గెలిచాననుకుని ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ నన్ను ఏ పనీ అడగలేదు. కళ్ళు సరిగా కనబడని రోజుల్లో కూడా, కరెంటు పోతే ఫ్యూజు వైరు తానే తడుముకుంటూ వేసుకునేవాడు.