పసిచేతి ముడి

తమిళనాడు గుడియాత్తంలో లుంగీ మగ్గాలు ఒక్కొక్కటే మూతబడుతున్నా బలరామయ్య మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది. ఆయన మొండితనం అలాంటిది. మోకాళ్లే ఆయన మాట వినడం మానేశాయి. మగ్గం గుంతలోకి దిగితే ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. కొడుకు వేలూరులో ఆటో తోలుకుంటూ మగ్గం వైపు కన్నెత్తి చూడడు. అందుకే ఈ పడుగు అయిపోగానే మగ్గాన్ని సెల్వానికి అప్పగిస్తానని చెప్పేశాడు.

సెల్వం ఊరి బయట శ్రీలంక శరణార్థుల క్యాంపు మనిషి. ముప్పై దాటినవాడు. కండెలు చుట్టడంతో మొదలుపెట్టి పనంతా ఇక్కడే నేర్చాడు, ఈ ఇంటివాళ్లు మాట్లాడే తెలుగు కూడా ఈ మగ్గం పక్కనే నేర్చాడు. గుంతలో తొండ కనిపిస్తే చంపకుండా అట్టముక్క మీదికి ఎక్కించి పెరట్లో వదిలివస్తాడు. బలరామయ్యకు అది చూసినప్పుడల్లా ముచ్చటేసేది.

ఇంతలో పక్కింటి మహాలక్ష్మి వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సెల్వం చిన్నతనంలో తుపాకి పట్టుకొని యుద్ధంలో తిరిగాడని క్యాంపులో ఎవరో అన్నారట. ఆ మాట అంటించి చక్కా పోయింది.

"మగ్గమంటే అమ్మవారు. మనిషిని చంపిన చేతికి ఎట్లిస్తావు?" అంది బలరామయ్య భార్య అమ్మణి.

ఆ రాత్రంతా బలరామయ్య అదే ఆలోచించాడు. తొండను బతికించిన చెయ్యి, తుపాకి పట్టిన చెయ్యి ఒకటే ఎలా అవుతాయి? మర్నాడు పొద్దున్నే సెల్వాన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగేశాడు.

"నిజమేనయ్యా," అన్నాడు సెల్వం. "పోరాటంవాళ్లు ఇంటికొకరు రావాలన్నారు. మా అక్కను వాళ్లకు కనపడకుండా ఇంట్లోవాళ్లు దాచిపెట్టినారు. నేను ట్యూషన్ నించి వస్తా ఉంటే పట్టుకొని పోయినారు. పదమూడేండ్లు నాకు."

"కాల్చినావా?"

"కాల్చినాను. చీకట్లో, పొదలపక్కకి. ఎవరన్నా పడినారో లేదో తెలీదు. తెల్లారకముందే మమ్మల్ని ఇంకో తావుకు తరుముకొని పోయినారు. ఎవరిని అడగాలో ఇప్పటికీ తెలీదయ్యా."

చంపానని ఉంటే పొమ్మనేవాడు. చంపలేదని ఉంటే వీపు తట్టేవాడు. తెలీదంటే ఏం చేయాలి? బలరామయ్య పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఇస్తాననీ అనలేక, ఇవ్వననీ అనలేక లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం కొత్త పడుగు అతికే రోజు వచ్చింది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు కలిపేటప్పుడు మొదటి ముడి పసిపిల్లల చేత వేయించడం ఆ ఇంటి ఆనవాయితీ. దానికోసమే మనవరాలు మోనిషను వేలూరు నుంచి బస్సెక్కించి తెప్పించారు. సెల్వం లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. రమ్మనీ పొమ్మనీ ఎవరూ అనలేదు.

అమ్మణి మగ్గానికి పసుపు రాసి, ప్రతిసారీ అనే మాటే అంది. "కానీ తల్లీ, ముడెయ్యి. పసిచేతికి పాపం అంటదు."

"అమ్మా," అన్నాడు సెల్వం. "అది ఎన్నేండ్ల దాకా?"

అమ్మణి పసుపు చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బలరామయ్య వైపు చూసింది.

జవాబు చెప్పాల్సింది తనేనని బలరామయ్యకు తెలుసు. సరిగ్గా పదమూడేళ్లకే తండ్రి తనను ఈ గుంతలో కూర్చోబెట్టాడు. తొలి లుంగీలో పోగు తప్పితే పేక నడిపే నాడెతో వీపు మీద ఒకటిచ్చి, "ఇంక నువ్వు పిల్లోడివి కాదు, తప్పంతా నీదే," అన్నాడు. ఆ మాటను ఇన్నేళ్లూ గొప్పగానే చెప్పుకున్నాడు. అది నిజమైతే ఈ సెల్వం గతేమిటి? అబద్ధమైతే, ఆ దెబ్బ తనకెందుకు? ఎంత తిప్పినా ఆయనకు తెగలేదు. ఇన్నేళ్లు బతికి ఇది కూడా తెలియలేదే అని తన మీద తనకే కోపం వచ్చింది.

"నాకు తెలీదప్పా," అన్నాడు చివరికి. "వచ్చి గుంతలోకి దిగు."

సెల్వం దిగాడు. మోనిష వేళ్ల మధ్య పోగు జారిపోతోంది. "ఆ కొస పట్టుకో మామా, నాకు ముడి పడడంలే," అంది.

సెల్వం పట్టుకోలేదు. అమ్మణి వైపు చూశాడు.

అమ్మణి ముఖం గోడవైపు తిప్పుకుంది. అటు తిరిగే, "పట్టుకో," అంది.