ఎలుగుబంటికి చెప్పిన మాట

నాకు సముద్రమంటే భయం. ఈ సంగతి ఇంతవరకు మనుషులెవరికీ చెప్పలేదు. ఒక్క ఎలుగుబంటికి చెప్పాను.

మాది నెల్లూరు నుంచి వచ్చే బస్సు ఆగిపోయే చివరి పాలెం. ఇక్కడందరూ వేటకు పోయి చేపలు పట్టి బతుకుతారు. మా గుమ్మంలో నిలబడితే అలలు కనబడతాయి. నా ఈడు పిల్లలు నీళ్ళలో గెంతుతుంటే నేను ఒడ్డున పడవ నీడలో కూర్చుని ఏదో ఒక పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని. అందరూ దాన్ని చదువు మీద శ్రద్ధ అనుకున్నారు. ఆ మంచిపేరు నిలబెట్టుకోవడానికి నిజంగానే చదవాల్సి వచ్చింది. డిగ్రీ అలాగే అయిపోయింది.

ఇక ఎలుగుబంటి అంటే మా నాన్న.

ఆయన సినిమాల్లో జంతువులుగా, రాక్షసులుగా వేస్తాడు. వయసులో ఉండగా నీళ్ళలో మునిగితే పైకి రావడం మరిచిపోతాడని పాలెంలో పేరుండేది. చెన్నైలో ఫైటర్‌గా పనిచేసే మా ఊరి మనిషొకాయన, మొసలి డ్రెస్సులో ఊపిరి బిగబట్టి పడుకునే మనిషి కావాలని తీసుకుపోయాడు. అలా మొసలిగా చేరిన నాన్న తర్వాత ఎలుగుబంటి, గొరిల్లా, రెండు తలల రాక్షసుడు అయ్యాడు. రెండో తలలో ఎవరూ ఉండరు. దాన్ని కూడా నాన్నే లోపలి నుంచి తీగతో ఆడించాలి. ఒకసారి మనుషుల్ని మింగే చెట్టుగా కూడా వేశాడు. దాని గురించి అడిగితే "నిలబడే పని. కాళ్ళు లాగతాయి" అంటాడు, అంతే.

ఆయన సినిమాలు మేము కోవూరులో చూసేవాళ్ళం. హీరో నాన్నని కొడుతుంటే హాలంతా ఈలలు వేసేది. మా అమ్మకి ఏదీ మెల్లగా చెప్పడం రాదు. "అదిగో మే, మీ నాయన! చస్తుండాడు చూడు!" అని అరిచేది. ముందు వరుసల వాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. నేను కుర్చీలోంచి కిందికి జారేదాన్ని. నాన్న చావడం నేను చాలాసార్లు చూశాను, చాలావరకు కుర్చీ కింది నుంచే.

పాలెంలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. "మొహం కనపడనప్పుడు అది నువ్వే అని ఏందన్నా గ్యారంటీ?" అనేవాళ్ళు. నాన్న తక్కువ మాట్లాడే మనిషి. నేను ఆయనకంటే తక్కువ. ఇద్దరమే ఇంట్లో ఉంటే గడియారం చప్పుడు బాగా వినబడేది.

నాకు పదేళ్ళప్పుడు ఎలుగుబంటి డ్రెస్సు చంక దగ్గర చిరిగితే ఇంటికి తెచ్చాడు. నాన్న డ్రెస్సు తొడుక్కుని నిలబడితే అమ్మ ఒంటి మీదే కుట్టింది. తల కూడా పెట్టి మెడ దగ్గర చూస్తుండగా దారం అయిపోయింది. తెస్తానని అమ్మ అంగడికి పోయింది. పోతూ పోతూ, "ఆయన్నేం అడగబాకు, ఆ తల పెడితే లోపల ఏం వినపడదు" అని నాకు చెప్పింది. జిప్పు వీపు మీద ఉంటుంది. అమ్మ వచ్చేదాకా ఎలుగుబంటి చాప మీద కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి, ఎందుకో తెలియదు, "నాకు సముద్రమంటే భయం" అన్నాను. ఎలుగుబంటి మోకాలు గోక్కుంది.

ప్రాణానికి ఎంతో హాయిగా అనిపించింది. అప్పటి నుంచి ఆయన కుట్టుపనికి ఇంటికి తెచ్చి తలకు ఏది తొడుక్కున్నా నేను పక్కకి చేరి ఏదో ఒకటి చెప్పేదాన్ని. చదువుతున్న కథలో ఎవరు పోయారో, కాలేజీ బస్సులో నా పక్కన ఎవరు కూర్చున్నారో. గొరిల్లాకి కొన్ని విషయాలు తెలుసు, రాక్షసుడికి మరికొన్ని.

ఈమధ్య జంతువులన్నీ కంప్యూటర్లోనే పుడుతున్నాయి. నాన్న ఏడాదికి పైగా ఇంట్లోనే ఉండి తన తమ్ముళ్ళ వలలు బాగుచేశాడు. అలాంటప్పుడు ఒక కుర్ర డైరెక్టర్ కబురు పెట్టాడు. సముద్రంలోంచి వచ్చి మళ్ళీ సముద్రంలోకే పోయే రాక్షసుడి కథ. డ్రెస్సు వేసుకున్న మనిషే కావాలట. మొదటి రోజు షూటింగ్ మా ఒడ్డునే. అది బాగా వస్తే సినిమా అంతా నాన్నే. రాకపోతే ఆ వేషం వేయడానికి హైదరాబాదు నుంచి జిమ్ము కుర్రాడొకడు ఎందుకైనా మంచిదని కారులో వచ్చి కూర్చున్నాడు. నాన్న ముందురోజు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. మొహం కనబడని వేషానికి.

డ్రెస్సు తొడగడం, చెయ్యి పట్టుకుని నడిపించడం ఎప్పుడూ అమ్మ పని. రాక్షసుడి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. లోపలి మనిషి గొంతు దగ్గరి వలలోంచి చూడాలి. తన కాళ్ళు తనకే కనబడవు. అమ్మ కాలు బెణికి బోర్లించిన పడవ మీద కూర్చుంది కాబట్టి ఆ రోజు నేను చెయ్యాల్సి వచ్చింది. పాలెమంతా ఒడ్డునే ఉంది.

షాట్ చాలా చిన్నది. రాక్షసుడు ఇసుకలో నడిచి, ఆగకుండా సముద్రంలోకి పోయి, మునిగిపోవాలి. డైరెక్టర్ యాక్షన్ అన్నాడు. నాన్న నడిచాడు. నీళ్ళ దగ్గర వంగాడు, చేత్తో నీళ్ళు తాకి కళ్ళకద్దుకున్నాడు, తర్వాత దిగాడు.

"కట్."

డైరెక్టర్ తల తీయించి మానిటర్ దగ్గరికి పిలిచాడు.

"అంకుల్, మీరు నీళ్ళకి దండం పెడుతున్నారు."

"లేదు సార్."

"చూడండి."

నాన్న చూశాడు. "అవును సార్. పెట్టినట్టే ఉండాది."

"రాక్షసుడు దండం పెట్టడు కదా అంకుల్."

"పెట్టడు సార్."

మళ్ళీ చేశారు. మళ్ళీ పెట్టాడు. మా పాలెంలో గంగమ్మకి మొక్కకుండా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టరు. తప్పతాగి వచ్చినవాళ్ళు కూడా ముందు వంగి, ఆ తర్వాతే పడతారు. ఇన్నేళ్ళూ నాన్న మునిగినవి ట్యాంకులు, చెరువులు కాబట్టి ఈ చిక్కు రాలేదు. మూడోసారి చెయ్యి ముందుకు పోకుండా బిగబట్టుకున్నాడు. ఏకంగా తలే వంగింది.

"ఆయన చెయ్యి ఆయన మాట వినదయ్యా!" అమ్మ పడవ మీది నుంచి అరిచింది. "తాళి కట్టేటప్పుడు కూడా ఇంతే!"

పక్కింటి పెద్దామె ఊరుకోలేదు. "రాక్షసుడైతే మాత్రం ఏందంట? మొక్కకుండా దిగితే గంగమ్మ ఊరుకుంటాదా? ఆ అబ్బయ్యకి చెప్పండ్రా ఎవురన్నా."

ఆ అబ్బయ్య, అంటే డైరెక్టర్, మర్యాదగానే ఉన్నాడు. అదే భయపెట్టింది. "ఎండ పోతోంది అంకుల్. ఇంకొక్క టేక్. రాకపోతే బ్రదర్‌తో చేయిద్దాం" అన్నాడు. జిమ్ము కుర్రాడు చొక్కా విప్పి భుజాలు తిప్పుతున్నాడు.

నేను నాన్నకి నీళ్ళు తాగించాను. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు: "పొద్దున లేస్తానే మొక్కినా మే. కానీ అది నేను. ఇది వేరే ఆకారం గదా. కొత్తగా దిగేది ఎవురైనా కొత్తగా మొక్కాల. నా వల్ల కావడంలా."

ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తల తొడిగి, మెడ దగ్గర హుక్కులు పెట్టాను. అప్పుడు నాకు తోచింది. మొక్కాల్సింది రాక్షసుడైతే, కెమెరా తిరగకముందే మొక్కి రావచ్చు కదా. ఈ మాట డైరెక్టర్‌తో చెప్పాలంటే ముందు ఆయన దగ్గరికి పోవాలి, పిలవాలి, ఏమని పిలవాలో ఆలోచించాలి. దానికంటే రాక్షసుడి చెయ్యి పట్టుకోవడం తేలిక. పట్టుకుని నీళ్ళ వైపు నడిచాను.

"మేడమ్, ఎక్కడికి?" అని అసిస్టెంటు వెంటపడ్డాడు. ఒక అల అతని బూటు తడపగానే ఆగిపోయాడు.

ఒడ్డంతా నవ్వుతోంది. "ఏంది మే, మీ నాయన్ని బళ్ళో దించబోతుండావా?" అని ఎవరో అరిచారు. "సంచి మరిచిపోయినావు!" అని ఇంకొకరు. రోజూ తలవంచుకుని బస్సెక్కే దారిలో నన్నెరిగిన వాళ్ళంతా అక్కడే ఉన్నారు. అయినా నా భయం వాళ్ళ గురించి కాదు. తడి ఇసుక మొదలైంది. నాన్న తలకి తొడుగు ఉంది కాబట్టి, "నా చెయ్యి వదలబాకు నాయనా" అన్నాను.

అల వచ్చి నా మోకాళ్ళకి తగిలింది. కాళ్ళ కింద ఇసుక జారింది. నేను వంగి నీళ్ళు కళ్ళకద్దుకున్నాను. పక్కన రాక్షసుడు కూడా తీరిగ్గా వంగి, రెండు చేతులతో అద్దుకున్నాడు. తోక అలలో తేలింది. ఇద్దరం వెనక్కి నడిచి వచ్చాం. ఆయన్ని గుర్తు పెట్టిన చోట నిలబెట్టి నేను పక్కకి తప్పుకున్నాను.

యాక్షన్ అన్నారు. రాక్షసుడు నడిచాడు, నీళ్ళు వచ్చాయి, ఆగలేదు. నడుము, ఛాతీ, కొమ్ములు, ఏమీ లేదు. ఒడ్డు మీద నవ్వు ఆగిపోయింది. మునిగినవాడు చాలాసేపు రాలేదు. జిమ్ము కుర్రాడు చొక్కా తొడుక్కున్నాడు.

"ఓకే. సేఫ్టీకి ఇంకో టేక్" అన్నాడు డైరెక్టర్. బయటికొచ్చాక మళ్ళీ దిగాలంటే మళ్ళీ మొక్కాలి. ఈసారి ఎవరినీ చూడకుండా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అసిస్టెంటు పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

పొద్దు వాలుతుండగా మేనేజర్ వచ్చి, సోమవారం చెన్నైలో ట్యాంకు సీన్లు, బండి పంపిస్తాం అని చెప్పి పోయాడు. అమ్మ అప్పటికే పడవ చుట్టూ చేరిన వాళ్ళకి, ఈ ఉపాయం నాకు తనే నేర్పినట్టు చెబుతోంది. నేను నాన్న వీపు మీది జిప్పు లాగి, హుక్కులు విప్పి, తల పైకెత్తాను. మొహమంతా చెమట, ఉప్పు. నున్నటి గడ్డం. కండువా ఇస్తే తుడుచుకుని, తడిసిపోయిన నా చుడీదార్ అంచుని కాసేపు చూశాడు.

"ఇంకా భయమేనా మే, సముద్రమంటే?" అన్నాడు.