బెదురు ఆవుకు నేను రాసిచ్చిన కాగితం

సెంటరులో నా రిజిస్టరుకు పదకొండు గడులుండేవి. ఆవు నంబరు, యజమాని, వయసు, ఈతలు, ఎద మొదలైన సమయం, ఎదలో కారే తీగలు ఎలా ఉన్నాయి, వీర్యం ఏ రోజుది, సూది వేసిన సమయం, ఎన్నోసారి, ఫలితం, చివర రిమార్కులు. నలభై ఒకటో నంబరు ఆవు ఎదురుగా రిమార్కుల్లో నేను రాసింది ఒకే మాట: దురుసు. ఆ మాట తప్పు. అది దురుసు ఆవు కాదు, బెదురు ఆవు. ఆ రెంటికీ తేడా నాకు తెలిసేసరికి ఆవు ఆ ఊళ్లో లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయింది. జమ్మికుంటకు కొద్ది దూరంలో, నేతపనివాళ్లు ఎక్కువగా ఉన్న ఒక ఊళ్లో నాకు మొదటి ఉద్యోగం. నిజాం కాలంలో సరుకుల మీద సుంకం వసూలు చేసిన కరోడ్‌గిరి నాకా గదే మా కృత్రిమ గర్భధారణ సెంటరు. వీర్యం జిల్లా కేంద్రం నుంచి మంచు వేసిన ఫ్లాస్కులో పొద్దుటి బస్సులో వచ్చేది. జనం ఆ పని మొత్తాన్నీ ‘సూది’ అనేవారు. గది ముందు నాలుగు గుంజల చెక్క బోను ఉండేది. ఆవును అందులోకి తోలి, వెనక అడ్డకర్ర వేసి, పని ముగించేవాళ్లం. ఒక్కో ఆవుకు ఐదు నిమిషాలకు మించి పట్టకపోవడం అప్పట్లో నాకు గర్వంగా ఉండేది.

నలభై ఒకటో నంబరు ఆవు ఒక నేత ఇంటిది. భర్త మగ్గం నేసేవాడు. నలభై ఏళ్ల భార్య రాట్నం మీద కండెలు చుట్టేది. ఆ ఎర్రావును అది లేగగా ఉన్నప్పుడే ఆమె తన పుట్టింటి నుంచి తోలుకొచ్చుకుంది. మొదటి ఈతలో పుట్టిన దూడ బతకలేదు, తర్వాత ఆవు వట్టిపోయింది. భూమి లేని ఇల్లు, గడ్డి ప్రతి కట్టా కొనాలి. ఎండాకాలం లోపల సూడి కట్టకపోతే ఆవును అంగడికి తోలేస్తానని భర్త తేల్చి చెప్పాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది అందుకే.

మొదటిసారే ఆమె చెప్పింది. “సారూ, గిది కొత్త మనిషిని జూస్తె వణుకుతది. రాట్నం సప్పుడు ఇనవడ్తెనే పాలు చేపేది. నేను పక్కన కూసుండి తిప్పాలె, గప్పుడే.”

నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన మా అటెండరు తోక మెలిపెట్టి ఆవును బోనులోకి నెడుతూ నవ్వాడు. “నీ ఆవుకు నకరాలు ఎక్కువైనయి వదినె. పల్లకి గూడ తెమ్మన్నదా?”

“నీకు తోకుండి గట్ల మెలేస్తె తెలుస్తుండె మరిదీ, పల్లకి గావాల్నో కాదో.”

నేనూ నవ్వాను. నవ్వుతూనే గడియారం చూసి సమయం రాసుకున్నాను. ఆవు కళ్లల్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది, చెవులు వెనక్కి వాలాయి, పేడ నీళ్లలా పడింది, తొడలు వణుకుతున్నాయి. ఇవన్నీ చూశాను. వీటికి నా రిజిస్టరులో గడి లేదు.

ఇరవయ్యొకటో రోజున ఆవు మళ్లీ ఎదకు వచ్చింది. రెండోసారీ అంతే జరిగింది.

మూడోసారి ఆమె ఆవును తీసుకురాకుండా ఒక్కతే వచ్చింది. తలలో నూలు పోగులు ఉన్నాయి, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

“తెల్లారగట్ల సంది అరుస్తుంది సారూ. నువ్వే జర ఇంటికి రా. నేను రాట్నం తిప్పుకుంట కూసుంట, అది కదలకుంట నిలవడ్తది. గింత దూరమే గద.”

నిజంగానే గింత దూరం. రెండు ఫర్లాంగులు. గాలి అటునుంచి వీస్తే ఆ వీధి మగ్గాల చప్పుడు నా బల్ల దగ్గరికి వినిపించేది. కాని సెంటరు నియమాల కాగితం నా వెనక గోడకు అతికించి ఉంది: సూది బోనులోనే వేయాలి. ఒకరి ఇంటికి వెళితే రేపు పదిమంది పిలుస్తారు. ఫ్లాస్కు తెరిచి ఎండలో మోసుకుపోతే మంచు కరుగుతుంది. ఈ కారణాలు మూడూ వరుసగా ఆమెకు చెప్పాను. ఆమె మూడూ విని, “గట్లనా” అని వెళ్లిపోయింది.

సాయంత్రం ముగ్గురు మగవాళ్లు ఆవును ఈడ్చుకొచ్చారు. ఆమె వెనకే నడిచింది. నాలుగు నిమిషాల్లో ముగించాను. ఇరవయ్యొకటో రోజు అది మళ్లీ అరిచింది.

ఈసారి భర్త వచ్చాడు. “ఆవు పనికిరాదని ఓ కాయితం రాసియ్యుండ్రి సారూ. నా మాటంటే మా ఇంటిదానికి లెక్కలేదు. సర్కారోళ్లు జెప్తె ఇంటది.”

మూడుసార్లు సూది, మూడుసార్లు ఫలితం లేదు. నా లెక్క ప్రకారం అందులో సందేహించడానికి ఏమీ లేదు. ‘పునరుత్పత్తికి పనికిరాదు’ అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాను. ఆ వారం అంగడిలో ఆదిలాబాద్ వైపు రైతు ఎవరో ఆవును తోలుకుపోయాడని తెలిసింది.

రెండేళ్ల తర్వాత నన్ను నిర్మల్ దగ్గరి సెంటరుకు మార్చారు. ఒక ఊళ్లో పశువులకు టీకాలు వేస్తుండగా వరుసలో ఒక ఎర్రావు వచ్చింది, పక్కనే దూడ. సూది గుచ్చేముందు చెవి పట్టుకుంటే వేళ్లకు లోహపు బిళ్ల తగిలింది. తిప్పి చూశాను. నలభై ఒకటి. ఆ బిళ్ల బిగించింది నేనే.

ఆ రైతు ముసలివాడు. “ఇది గొడ్డుదని చెప్పలేదా నీకు?” అని అడిగాను.

“జెప్పిండ్రు సాబ్. సర్కారు కాయితం గూడ ఉండె. నేను పేడకోసమని తోల్కచ్చిన. తొలి పది దినాలు ఎవ్వల్ని దగ్గరికి రానియ్యలే. మా కోడలు ఒక్కతే గడ్డి ఏస్తుండె, గంతే. ఇంకెవ్వలు జోలికి పోలే. తర్వాత మందల కలిసింది, మూడు నెలలకు సూడి కట్టింది. ఈనినంక గా కోడలికే చేపుతుంది. బరాబర్ ఆవు సాబ్. గా కాయితం రాసినోడే పనిల కచ్చా ఉండె.”

నేను టీకా వేసి, తర్వాతి ఆవును తెమ్మన్నాను.

శిక్షణలో ఈ పాఠం నాకు చెప్పారు. బెదిరిన ఆవు రక్తంలోకి అడ్రినలిన్ వస్తుంది, పొదుగులో పాలున్నా చేపదు. పరీక్షలో ఆ ప్రశ్నకు బొమ్మతో సహా జవాబు రాశాను. ఆమె రాట్నం గురించి చెప్పినప్పుడు చెప్పింది ఆ పాఠమే, వేరే మాటల్లో. నిర్మల్‌లో ఒక పెద్ద డాక్టరును అడిగితే మిగతా సగం వివరించారు. పాలు చేపించే హార్మోనే గర్భాశయాన్ని కదిలించి వీర్యం పైకి చేరడానికి తోడ్పడుతుంది. భయంలో పుట్టే అడ్రినలిన్ దానికి అడ్డు తగులుతుంది. తరచూ బెదిరే పశువుకు అండం విడుదల కూడా వేళ తప్పవచ్చు, చిన్న జబ్బు కూడా త్వరగా మానదు. నా ఆవు విషయంలో కారణం ఇదొక్కటే అని నేను రుజువు చేయలేను. మంచు చల్లదనం చాలకపోయి ఉండవచ్చు, నా చేతి పొరపాటూ ఉండవచ్చు. కాని రెండు ఫర్లాంగులు నడిచి ఉంటే, కనీసం ఆ ఒక్క కారణాన్ని కొట్టేసి ఉండేవాణ్ణి.

సెలవు పెట్టి పాత ఊరికి వెళ్లాను. ఆమె వాకిట్లో రాట్నం తిప్పుతోంది. పక్కన కట్టుగుంజ ఖాళీగా ఉంది. లోపల మగ్గం ఆడుతోంది. ఆవు కనిపించిందని, ఈనిందని చెప్పాను. రాట్నం ఆగలేదు.

“ఏం దూడ?”

“పెయ్య.”

“రంగు?”

“తల్లి రంగే. నుదుట తెల్ల చుక్క.”

“తల్లి చేపుతుందా?”

“చేపుతోంది.”

“ఎవలకు?”

“ఆ రైతు కోడలికి.”

అప్పుడు రాట్నం ఆగింది. ఆమె పోగును వేలికి చుట్టుకుంది. “గప్పుడు గీ రెండడుగులు రాకపోతివి. గిప్పుడు బస్సెక్కి గింత దూరం వచ్చినవు.”

నేను ఆమె ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను.

“నాకు గూడ ఓ కాయితం రాసియ్యి సారూ,” అంది లోపలికి వినపడేలా. “నా ఆవు గొడ్డుది కాదని రాయి. గాయనకు సూపియ్యాలె.”

లోపల మగ్గం చప్పుడు నిలిచిపోయింది. జేబు పుస్తకంలోంచి కాగితం చింపి రాశాను: నలభై ఒకటో నంబరు ఎర్రావు, నా కళ్లతో చూశాను, పెయ్యదూడ, తల్లీబిడ్డా ఆరోగ్యంగా ఉన్నారు, నేను ఇంతకు ముందు రాసింది తప్పు. సంతకం చేసి ఇచ్చాను. ఆమె చదువుకోలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“గీ కాయితానికి ముద్ర లేదేంది? గా కాయితానికి కొట్టిస్తివి గద.”

ముద్ర సెంటరులో ఉంటుందని చెప్పి, కాగితం తీసుకుని లేచాను. నా స్థానంలో వచ్చినతను చదివి, నా ముఖం చూసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆమె ఇంటి నుంచి వెళ్లి తిరిగి రావడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.