అవ్వ తిన్న పులిబొంగరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిరుతిళ్ళకి ఎప్పుడూ కరువు లేదు. అల్లూరికి తూర్పున, సముద్రపు గాలి వాకిట్లోకి వచ్చే పల్లె మాది. వరి పండే ఊరు కాబట్టి బియ్యప్పిండితో చెయ్యగలిగినవన్నీ మా అవ్వ చేసేది. అవ్వ అంటే మా నాన్న వాళ్ళమ్మ. మనుగుబూలు అనే జంతికలు, చెక్కలు, బెల్లం పాకంతో చుట్టిన బొరుగుల ఉండలు, నువ్వుల చిమ్మిలి, ఇవన్నీ వంటింటి అటక మీద రేకు డబ్బాల్లో ఉండేవి. మూత తీసిన చప్పుడును బట్టి అది ఏ డబ్బానో పెరట్లో ఉన్న అవ్వకి తెలిసిపోయేది.

ఇంట్లో ఇన్ని ఉన్నా నా మనసంతా అల్లూరు బజారు మీదే ఉండేది. పొరుగింటి పుల్లకూర రుచి కదా. మా బండి ఆ వీధిలోంచి పోతున్నప్పుడు మూకుట్లో ఏదో వేగుతున్న వాసనకి నోట్లో నీళ్ళూరేవి. కొనిపెట్టమని అడిగితే అవ్వ "ఆశ లావు, పీక సన్నం" అని నా గడ్డం పట్టుకుని మొహం అవతలికి తిప్పేసేది. ఊరు దాటామంటే మా డబ్బా, మా మరచెంబు, అంతే. డబ్బాలో తిండి మీద ఒక బొగ్గు ముక్క కూడా పెట్టేది, దారిలో ఏ గాలీ సోకకుండా.

అది పిసినారితనం కాదు, మడీ కాదు. నాకొక మేనత్త ఉండేదట, నాన్నకంటే చిన్నది. నా ఈడున ఉండగా తిరునాళ్ళకి తీసుకెళితే, అంగట్లో ఏదో కొనిపెట్టమని ఏడ్చిందట. అవ్వే కొనిపెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలోనే వాంతులు, భేదులు మొదలయ్యాయి. ఇల్లు చేరిన కాసేపటికే పిల్ల పోయింది. ఆనాటి నుంచి అవ్వ బయట చేసిన తిండి ముట్టలేదు, మమ్మల్ని ముట్టనివ్వలేదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ ముందు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు అమ్మ కడుపుతో ఉంది. వేవిళ్ళు ఎవరికైనా వస్తాయి, పోతాయి అన్నారు ఊళ్ళో ఆడవాళ్ళు. అమ్మకి వచ్చాయి గానీ పోలేదు. అన్నం ఉడికే వాసనకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేది. గంజి తాగినా నిలిచేది కాదు. అవ్వ చెయ్యని వంట లేదు. రాగి జావ చేసింది, మిరియాల చారు కాచింది, చేప ముక్క లేకుండా వట్టి పులుసు పెట్టింది. అమ్మ పాపం, అత్తగారి మొహం చూసి ఒక ముద్ద నోట్లో పెట్టుకునేది, పెట్టుకున్న వెంటనే లేచేది. ముంజేతి గాజులు మోచేతి దాకా జారుతుండేవి.

నా భయానికి ఇంకో కారణం ఉంది. అంతకుముందు ఏడాది మా పక్కింటి అక్క కూడా కడుపుతో ఉండి, ఇలాగే చిక్కిపోయి, బండెక్కి నెల్లూరు ఆస్పత్రికి పోయింది. నాకు గుప్పెడు రేగుపళ్ళు ఇచ్చి మరీ పోయింది. మళ్ళీ రాలేదు. ఆ అక్క ఏ జబ్బుతో పోయిందో నాకెవరూ చెప్పలేదు. తిండి తినని ఆడవాళ్ళని బండి ఎక్కిస్తే తిరిగి రారని నాకు నేనే అర్థం చేసుకున్నాను. అందుకే "రేపు నెల్లూరు లేడీ డాక్టరు దగ్గరికి తోడుకొని పోతా" అని అవ్వ నాన్నతో అన్నప్పుడు నేనూ వస్తానని పట్టుబట్టాను.

అవి నాట్లు పడే రోజులు. నాన్న తానూ వస్తానన్నాడు. ఆడవాళ్ళ డాక్టరు గదిలో నీకేం పని, కూలోళ్ళని చూసుకో అని అవ్వ ఆపేసింది. నేను మాత్రం అమ్మ చీర చెంగు పట్టుకుని వదల్లేదు. వదిలించలేక నన్నూ బండి ఎక్కించారు. అల్లూరు దాకా నాన్న బండి తోలాడు. బస్సు ఆగే చోట మమ్మల్ని దించి, అమ్మవైపు ఒకసారి, అవ్వవైపు ఒకసారి చూసి ఎద్దుల్ని మళ్ళించాడు.

బస్సు రాలేదు. ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవాళ్ళూ లేరు. మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద అమ్మని కూర్చోబెట్టి అవ్వ డబ్బా తెరిచింది. నిమ్మకాయ అన్నం, మీద బొగ్గు ముక్క. మూత తీసిందో లేదో అమ్మ వంగిపోయింది. కడుపులో ఏమీ లేకపోవడంతో పసుపు నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. అవ్వ మరచెంబు నీళ్ళతో మూతి కడిగి, వీపు గోడకి ఆనించింది. అమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను "అమ్మా" అన్నాను, పలకలేదు. మళ్ళీ అన్నాను. కళ్ళు తెరవకుండానే నా చెయ్యి నొక్కింది. ఆ రెండు పిలుపుల మధ్య నేను పడిన భయం ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో గుర్తొస్తుంది.

అరుగుకి కాస్త దూరంలో తాటాకు పందిరి కింద ఒకామె పులిబొంగరాలు వేస్తోంది. పులిసిన దోసెల పిండిలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు కలిపి, చేత్తో నూనెలోకి జారవిడుస్తోంది. గాలి ఇటు తిరిగేసరికి ఆ పుల్లటి వాసన మా మీదికి వచ్చింది. అమ్మ మళ్ళీ వంగుతుందేమోనని నేను చూస్తున్నాను. వంగలేదు. కళ్ళు మూసుకునే, మొహం మెల్లగా అటువైపు తిప్పింది. నేను చూసినట్టే అవ్వా చూసింది.

చాలాసేపు అవ్వ కదల్లేదు. తర్వాత లేచి పందిరి దగ్గరికి నడిచింది. నేనూ వెంటబడ్డాను. పిండి ఎప్పుడు రుబ్బావు, నీళ్ళు ఏ బావివి, చేతులు దేంతో కడిగావు అని పెళ్ళి సంబంధానికి వచ్చినట్టు ఆరా తీసింది. ఆ అంగడామె విసుక్కోలేదు. "కాగే నూనెలో మునిగి తేలినాక ఇంకేం మిగలతాది అవ్వా? నా బిడ్డలు తినేది కూడా ఇదే" అంది. అవ్వ ఆమె వెనక ఆడుకుంటున్న పసిదాని వంక చూసి, సరే వెయ్యమన్నట్టు తల ఊపింది. ఎదురుగా వేయించుకుని, బాదమాకులో పెట్టించుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

అవ్వ ఆకుని తన ఒళ్ళో పెట్టుకుంది. డబ్బాలోంచి బొగ్గు ముక్క తీసి వాటి పక్కన పెట్టింది. నేను చెయ్యి చాపబోతే "తాకబాక" అంది. "ఇవి నాకు. పొద్దన్నించి ఏం తినలా, ఆకలేస్తా ఉండాది." ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా రెండు పూటలు పస్తుండే మనిషికి, కోడలు అలా పడి ఉన్నప్పుడు ఆకలేమిటని నాకు కోపం వచ్చింది. అవ్వ ఒక పులిబొంగరాన్ని తుంచింది. లోపల్నుంచి పొగ వచ్చింది. తుంచిన ముక్కని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఆ ముక్క నోట్లో వేసుకుంది.

వెంటనే నాకు మేనత్త గుర్తొచ్చింది. అప్పటిదాకా నాకు ఒక్క అమ్మ గురించే భయం. ఇప్పుడు అవ్వ కూడా పోతుందని నిశ్చయమైపోయింది. అటు చూస్తే అమ్మ, ఇటు చూస్తే అవ్వ, మధ్యలో నేను. అవ్వ మొత్తం పులిబొంగరం తిని, మూతి తుడుచుకుని, ఎదురుగా రోడ్డు మీద ఎండ వంక చూస్తూ కూర్చుంది.

అప్పుడే అమ్మ కళ్ళు తెరిచింది. ఆకుని చూసింది, అత్తగారిని చూసింది, నమ్మలేనట్టు మళ్ళీ ఆకుని చూసింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె మొహంలో చిన్న నవ్వు కనబడింది. "అత్తా, నువ్వేనా తినింది? నాకూ ఒకటియ్యి" అంది. అమ్మ నోటితో తిండి అడిగి అప్పటికి నెల దాటిందేమో. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అవ్వ మాత్రం ఆకుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఉండు. కాసేపాగు" అంది.

ఎందుకు ఆగాలో చెప్పలేదు. అమ్మ మళ్ళీ అడగలేదు గానీ ఆకు మీంచి చూపు తియ్యలేదు. నేను అవ్వని మనసులో తిట్టుకున్నాను. అవ్వ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఎవరి మాటో వింటున్నట్టు తల కాస్త వంచుకుని కూర్చుంది. అరుగు మీద మా నీడలు జరిగాయి. పులిబొంగరాలు చల్లారిపోయాయి. చివరికి అవ్వ పెద్దగా ఊపిరి వదిలి, ఆకు తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది. "తిను తల్లీ" అంది. కోడల్ని తల్లీ అనడం నేను వినడం అదే మొదటిసారి.

అమ్మ ఒకటి తిన్నది. మేమిద్దరం ఆమె గొంతు వంక చూస్తున్నాం. నిలిచింది. ఇంకోటి తిన్నది. అదీ నిలిచింది. చివర్లో ఆకు అడుగున మిగిలిన చిన్న ముక్క నా నోట్లో పెట్టింది. ఎన్నాళ్ళుగానో ఆశపడ్డ బజారు రుచి అది. పుల్లగా, కారంగా, అంచుల్లో కరకరలాడుతూ ఉంది. అంత రుచైనది నోట్లో ఉన్నా నేను అవ్వ మొహమే చూస్తున్నాను.

బస్సు వచ్చింది. దారి పొడుగునా గతుకులకి బస్సు కుదిపినా అమ్మకి తిన్నది తిన్నట్టే ఉంది. పెన్న దాటి నెల్లూరు చేరాక, ఆస్పత్రిలో లేడీ డాక్టరు పరీక్ష చేసి, బిడ్డ బాగానే ఉందని, ఏదైనా కడుపులో నిలుస్తుంటే చేర్చుకోనక్కర్లేదని, అస్సలు నిలవకపోతే మాత్రం ఇంటికి పంపనని చెప్పింది. ఇవాళ ఏం తిన్నదని అడిగింది. అవ్వ తడుముకోకుండా "ఇంటి తిండేనమ్మా" అంది. అమ్మ కొంగులో నవ్వుకుంది.

సూది వేయించుకుని మేము వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అవ్వ మందుల కోసం వెళ్ళింది. అమ్మ అడిగినా వెంటనే పెట్టకుండా, ఆకలని తనే ముందు తినేసిందని నేను అవ్వ మీద చాడీలు మొదలుపెట్టాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మీ అవ్వకి ఆకలి కాదు పాపా. ముందు తను తిని, తనకేమన్నా అవుతాదేమోనని చూసింది. ఏమీ కాలేదని నమ్మకం కుదిరినాకే నాకు పెట్టింది" అంది.

అమ్మ ఆ మాట నన్ను ఓదార్చడానికే చెప్పింది. నాకు మాత్రం భయం రెట్టింపైంది. తిండి వల్ల వచ్చే అలాంటి జబ్బు అరగంటలో బయటపడి తీరాలని ఏమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆనాడు అవ్వకి తెలిసింది తన కూతురి సంగతి ఒక్కటే, ఎంతసేపు ఆగాలో దాన్ని బట్టే కొలుచుకుంది. ఆ రాత్రికి నెల్లూరులోనే మా చుట్టాలింట్లో ఉన్నాం. నేను మాత్రం ఆ పూటంతా అవ్వ కొంగు పట్టుకుని తిరిగాను. పెరట్లోకి వెళితే వెంట వెళ్ళాను. దగ్గితే ఉలిక్కిపడ్డాను. తెల్లారి లేచి చూసేసరికి అవ్వ వసారాలో కూర్చుని, ఈ ఇంట్లో కాఫీ చుక్క పోసేవాళ్ళే లేరా అని గొణుగుతోంది. నేను వెళ్ళి ఒళ్ళో తల పెట్టి ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నానో అవ్వ అడగలేదు. నిన్న తింటున్నప్పుడు భయం వెయ్యలేదా అని నేనే అడిగాను.

"ఎయ్యకేం, ఏసింది. భయం పోయినాక పెడదామని కూర్చుంటే ఆకలిగొన్నోళ్ళకి ఎప్పుడు పెడతాం?" అంది, నా తల నిమురుతూ.

తిరుగు ప్రయాణంలో అల్లూరులో దిగి, అవ్వ ఆ అంగడామె పక్కన చతికిలబడి పిండి ఎంత పులవాలో, ఏ పప్పు ఎంత వెయ్యాలో అన్నీ అడిగి తెలుసుకుంది. ఆ నెలలన్నీ మా ఇంట్లో పులిబొంగరాలే. మెల్లమెల్లగా అన్నం కూడా అమ్మకి ఇమడసాగింది. తమ్ముడు పుట్టాడు. తర్వాత అవ్వ చాలా ఏళ్ళు బతికింది గానీ బయటి తిండి మళ్ళీ తినగా నేను చూడలేదు. ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేను అవ్వనయ్యాను. మనవలతో రైలెక్కితే, స్టేషన్లో వాళ్ళు ఏది అడిగినా కాదనను. పొట్లం మాత్రం ముందు నా చేతిలోకి తీసుకుంటాను. ఒకటి తిని, మిగతావి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు కూర్చుంటాను. అవ్వకి తిండి కనబడితే ఆగలేదని పిల్లలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వుతారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఇంకాస్తసేపు ఆగమంటాను.